ఫోన్ మాట్లాడుతోంది, యాప్‌లే నోరు విప్పట్లేదు: టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ రెండూ వాడాక నా రివ్యూ

చూపు లేనివాళ్లు ఏ ఫోన్ కొనుక్కోవాలి, ఐఫోనా, ఆండ్రాయిడా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి సమాధానం ముందే చెప్పేస్తాను. రెండిట్లో ఏదైనా పని జరుగుతుంది. ఫోన్‌తో వచ్చే స్క్రీన్ రీడర్లు, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయాలు (ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్), ఇప్పుడు చాలా మంచి స్థాయికి వచ్చాయి. నాకు రోజూ ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం వాటివల్ల కాదు, మనం వేసుకునే యాప్‌ల వల్ల. బటన్‌కి పేరు పెట్టని యాప్ తెరిస్తే ఎంత ఖరీదైన ఫోనైనా మూగదే.

టచ్ ఫోన్ కనపడకుండా ఎలా వాడతారని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల కోసం రెండు ముక్కలు. స్క్రీన్ రీడర్ ఆన్ చేశాక ఫోన్ తీరే మారిపోతుంది. తెర మీద వేలు పెడితే ఆ వేలి కింద ఏముందో చదువుతుంది గానీ అది తెరుచుకోదు. తెరవాలంటే ఎక్కడైనా సరే రెండుసార్లు తట్టాలి. వేలితో వెతుక్కోవడం ఇష్టం లేకపోతే కుడివైపు స్వైప్ చేస్తే తర్వాతి అంశానికి, ఎడమవైపు చేస్తే వెనకటి అంశానికి ఫోకస్, అంటే ఫోన్ చదువుతున్న చోటు, వెళ్తుంది. అంటే తెర మీద అటూ ఇటూ పరుచుకుని ఉన్నదంతా మాకు ఒక వరుసలో, ఒకదాని తర్వాత ఒకటిగా వస్తుంది. చూపున్నవాళ్లు ఒక్క చూపులో పట్టేసే పేజీని మేము వింటూ వెళ్తాం. అందుకే మాట వేగం బాగా పెంచుకుంటాం. నేను పెట్టుకున్న వేగంలో మా ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు, నాకేమో అంతకంటే తగ్గితే విసుగొస్తుంది.

ఇదంతా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే ఇప్పుడున్న దాని విలువ తెలియదు. బటన్ల ఫోన్ల కాలంలో నోకియా సింబియన్ ఫోన్లలో టాక్స్, మొబైల్ స్పీక్ లాంటి స్క్రీన్ రీడర్లు ఉండేవి, వాటిని విడిగా డబ్బు పెట్టి కొనాలి. బటన్లన్నీ వేళ్లకి తగిలేవి కాబట్టి వాడటం తేలిక. 2007లో ఐఫోన్ వచ్చి, బటన్లు పోయి, అంతా నున్నటి గాజు అయ్యేసరికి ఇక మా పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. 2009 జూన్‌లో ఐఫోన్ 3జీఎస్‌తో వాయిస్‌ఓవర్ వచ్చింది. అంతకుముందు 2005 నుంచి మ్యాక్‌లో ఉన్నదే, దాన్ని ఫోన్‌లోకి తెచ్చారు. పైసా అదనంగా తీసుకోలేదు, ఏదీ విడిగా వేసుకోనక్కర్లేదు. అదే ఏడాది ఆండ్రాయిడ్ 1.6తో టాక్‌బ్యాక్ కూడా మొదలైంది. గూగుల్‌లో టి.వి. రామన్ అనే ఇంజనీర్, ఆయనకీ చూపు లేదు, ఐస్ ఫ్రీ అనే ప్రాజెక్టు నడిపారు. టాక్‌బ్యాక్‌కి మూలం అక్కడే ఉంది. కాకపోతే మొదట్లో అది టచ్‌తో పనిచేసేది కాదు, కీలు ఉన్న ఫోన్ కావాలి. వేలు పెడితే చదివే సదుపాయం 2011లో ఆండ్రాయిడ్ 4.0తో వచ్చింది, స్వైప్ చేస్తూ వెళ్లడం 2012లో 4.1తో వచ్చింది. ఆ మూడేళ్ల తేడా వల్లే "ఆండ్రాయిడ్ మనకి పనికిరాదు" అనే మాట పుట్టింది, ఇప్పటికీ కొందరు దాన్నే పట్టుకుని ఉన్నారు. ఆ మాటకి కాలం చెల్లింది.

ముందు వాయిస్‌ఓవర్ గురించి. దీంట్లో నాకు అన్నిటికంటే నచ్చేది రోటర్. రెండు వేళ్లు తెర మీద పెట్టి నాబ్ తిప్పినట్టు తిప్పితే హెడింగ్‌లు, లింకులు, పదాలు, అక్షరాలు, మాట వేగం ఇలా ఒక్కొక్కటీ మారుతూ పేరు చెప్తుంది. హెడింగ్‌లు దగ్గర ఆగి ఒక వేలితో కిందికి స్వైప్ చేస్తే పేజీలో హెడింగ్ నుంచి హెడింగ్‌కి దూకుతూ పోతాం. పెద్ద వార్తల పేజీలో ఇది లేకపోతే మెనూలూ ప్రకటనలూ అన్నీ వినుకుంటూ రావాల్సిందే. రెండు వేళ్లతో రెండుసార్లు తడితే ఫోన్ వచ్చినప్పుడు ఎత్తుతుంది, మళ్లీ తడితే పెట్టేస్తుంది, పాట వస్తుంటే ఆపుతుంది. చేతిలో కర్ర, భుజాన సంచీ ఉన్నప్పుడు పచ్చ బటన్ ఎక్కడుందో వెతుక్కునే పని లేకుండా చేసిన ఈ ఒక్క జెశ్చర్ కోసమే నేను దీన్ని మెచ్చుకుంటాను. మూడు వేళ్లతో మూడుసార్లు తడితే తెర నల్లగా అయిపోతుంది, ఫోన్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. పక్క సీట్లో ఉన్నవాళ్లు మన మెసేజ్‌లు చదువుతున్నారో లేదో మాకు కనపడదు కదా, అందుకే నా ఫోన్ తెర ఎప్పుడూ నల్లగానే ఉంటుంది.

2020లో ఐఓఎస్ 14తో (ఐఓఎస్ అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చిన స్క్రీన్ రికగ్నిషన్ గురించి కూడా చెప్పాలి. యాప్ తయారుచేసినవాళ్లు బటన్లకి పేర్లు పెట్టకపోయినా, తెర మీది బొమ్మని ఫోనే చూసి ఇది బటన్, ఇది ట్యాబ్ అని ఊహించి చెప్తుంది. కొన్నిసార్లు నిజంగా ఆదుకుంటుంది. కానీ ఊహ ఊహే, గుర్తుని బట్టి పేరు చెప్తుంది గానీ ఆ బటన్ నొక్కితే ఏమవుతుందో దానికి తెలియదు. డబ్బు పంపే చోట ఊహ మీద ఆధారపడి నొక్కలేం.

వాయిస్‌ఓవర్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఐఓఎస్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పాడవుతుంది. ఫోకస్ ఉన్నట్టుండి పేజీ పైకి ఎగిరిపోవడం, చదువుతూ చదువుతూ మధ్యలో ఆగిపోవడం, ఇలాంటివి సరిచేయడానికి నెలలు పట్టిన సందర్భాలున్నాయి. కొత్త వెర్షన్ వచ్చిన రోజే వేసుకోవద్దు, చూపు లేని స్నేహితులెవరైనా వాడి ఎలా ఉందో చెప్పేదాకా ఆగండి.

టాక్‌బ్యాక్ విషయానికొస్తే, చాలాకాలం దీన్ని వెనక్కి లాగింది దాని మలుపుల జెశ్చర్లు. కిందికి గీసి ఎడమకి తిప్పితే వెనక్కి, పైకి గీసి ఎడమకి తిప్పితే హోమ్. వేలు కాస్త వాలుగా పోయిందంటే ఇంకేదో అయిపోతుంది, వయసులో పెద్దవాళ్లకి ఇవి నేర్పించడం నిజంగా కష్టం. 2021లో రెండు, మూడు, నాలుగు వేళ్ల జెశ్చర్లు వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. మూడు వేళ్లతో ఒకసారి తడితే టాక్‌బ్యాక్ మెనూ వస్తుంది, రెండు వేళ్లతో తడితే మాట ఆగుతుంది, మళ్లీ తడితే అందుకుంటుంది. రోటర్ చేసే పనిని ఇక్కడ రీడింగ్ కంట్రోల్స్ చేస్తాయి, మూడు వేళ్లతో పక్కకి స్వైప్ చేసి కావలసింది ఎంచుకోవచ్చు. పైగా ఏ జెశ్చర్‌కి ఏ పని అనేది మనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు.

ఆండ్రాయిడ్‌తో అసలు చిక్కు ఏంటంటే ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కోలా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఈ సదుపాయాలుండే యాక్సెసిబిలిటీ విభాగం ఒక ఫోన్‌లో ముందే కనపడుతుంది, ఇంకో ఫోన్‌లో "అదనపు సెట్టింగ్స్" లోపల ఎక్కడో ఉంటుంది. తయారీ కంపెనీ సొంతంగా పెట్టిన కెమెరా, ఫోన్, క్లాక్ యాప్‌లలో బటన్లు సరిగా చదవకపోవచ్చు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో స్వైప్ చేశాక మాట రావడానికి ఒక క్షణం ఆలస్యమవుతుంది, ఆ ఒక్క క్షణం రోజంతా పోగైతే చిరాకుతో తల బద్దలవుతుంది. కాబట్టి ఆండ్రాయిడ్ తీసుకునేవాళ్లు కెమెరా మెగాపిక్సెళ్లు లెక్కపెట్టే ముందు ర్యామ్, ప్రాసెసర్ చూసుకోండి. చూపున్నవాళ్ల రివ్యూల్లో "స్మూత్‌గా ఉంది" అంటే తెర కదలిక గురించి, మాకు స్మూత్ అంటే వేలు కదిలిన వెంటనే మాట రావడం.

దీనికి ఎదురుగా ఆండ్రాయిడ్‌లో ఉన్న పెద్ద సుఖం, స్పీచ్ ఇంజిన్, అంటే రాతని మాటగా పలికే ప్రోగ్రామ్, మనమే ఎంచుకోవచ్చు. గూగుల్ గొంతు నచ్చకపోతే ఈస్పీక్ వేసుకోవచ్చు. దాని గొంతు లోహంలా గరగరలాడుతుంది గానీ ఎంత వేగం పెంచినా మాట స్పష్టత పోదు, వెంటనే పలుకుతుంది. మనిషి గొంతులా తియ్యగా ఉండే గొంతులు కథలు వినడానికి బాగుంటాయి, పని చేసుకోవడానికి కాదు. ఈ కారణంతోనే ఐఓఎస్ 16లో ఎలోక్వెన్స్ అనే పాత గొంతు తెచ్చినప్పుడు చాలామంది అంత సంబరపడ్డారు. చూపున్నవాళ్లకి అది పాత రోబో గొంతులా వినపడుతుంది, మాకు అది చేతికి అలవాటైన పనిముట్టు.

తెలుగు చదవడం గురించి విడిగా చెప్పుకోవాలి. తెలుగు గొంతులు రెండు వైపులా ఉన్నాయి, తెలుగు లిపిలో రాసినది మొత్తానికి బాగానే చదువుతాయి. తేడా వచ్చేది కలగాపులగంగా రాసినప్పుడు. మన వాళ్లు ఒకే వాక్యంలో తెలుగు లిపి, ఇంగ్లిష్ లిపి, అంకెలు, ఎమోజీలు అన్నీ కలిపేస్తారు. అప్పుడు గొంతు మారిపోవడం, లేదా తెలుగు గొంతే ఇంగ్లిష్‌ని వింత యాసలో పలకడం జరుగుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసి పంపితే ఇంకా కష్టం, ఇంగ్లిష్ గొంతు దాన్ని ఇంగ్లిష్ మాట అనుకుని పలుకుతుంది, ఒక్కో మాటా అక్షరం అక్షరం విని కూర్చుకోవాలి. ఎమోజీలైతే ఒక్కోదాని పూర్తి పేరు చదువుతుంది, వరుసగా పది నవ్వు మొహాలు పెడితే ఆ పేరు పదిసార్లు వినాలి. మీకు చూపు లేని స్నేహితులుంటే తెలుగు లిపిలో రాయండి, ఎమోజీ ఒకటి చాలు. ఫ్యాన్సీ అక్షరాలతో పేరు రాసుకునేవాళ్లకి ఇంకో మాట: అవి చూడ్డానికి అక్షరాల్లా ఉన్నా నిజానికి గణిత చిహ్నాల కోడ్‌లు, చాలా గొంతులు వాటిని చదవనే చదవవు. గ్రూప్‌లో మీ పేరు మాకు ఖాళీగా వినపడుతుంది.

టైపింగ్ ఇప్పటికీ కష్టమే. కీబోర్డ్ మీద వేలు జరుపుతూ అక్షరం వినగానే వేలు ఎత్తితే అది పడుతుంది, ఇంగ్లిష్‌లో ఇది కొంచెం అభ్యాసంతో వేగంగా వస్తుంది. తెలుగు కీబోర్డ్‌లో ఒత్తులు, గుణింతాలు, పొల్లులు ఉండటంతో ఒక్క మాటకి ఎన్నిసార్లు వేలు జరపాలో ఊహించుకోండి. మాట్లాడి రాయించడం మేలు, చిన్న మెసేజ్‌లకి నేను అదే వాడతాను, కానీ పంపేముందు ఒకసారి వినకపోతే "వస్తాను" అన్నది "రాస్తాను" అయి కూర్చుంటుంది. పైగా చుట్టూ జనం ఉన్నప్పుడు పాస్‌వర్డ్‌లు, సొంత విషయాలు నోటితో చెప్పలేం. ఇక్కడ బ్రెయిలీ కీబోర్డ్ చాలా గొప్పగా పనిచేస్తుంది. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని, తెర అవతలి వైపుకి తిప్పి, రెండు చేతుల మూడేసి వేళ్లతో ఆరు చుక్కలు కొడుతూ వెళ్లడమే. ఐఫోన్‌లో 2014లో వచ్చింది, టాక్‌బ్యాక్‌లో 2020లో వచ్చింది. బ్రెయిలీ బాగా వచ్చినవాళ్లు దీంతో, పక్కన చూపున్నవాళ్లు రెండు బొటనవేళ్లతో కొట్టే వేగాన్ని అందుకుంటారు. ఫోన్ మాట్లాడుతుంటే ఇక బ్రెయిలీ ఎందుకు అనేవాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. విని నేర్చుకున్నవాళ్లకి మాట తెలుస్తుంది గానీ అక్షరక్రమం రాదు, పిల్లలకైతే బ్రెయిలీ తప్పనిసరిగా నేర్పాలి. తెర మీది మాటల్ని వేళ్లకి తగిలే చుక్కలుగా చూపించే బ్రెయిలీ డిస్‌ప్లేలు కూడా రెండు రకాల ఫోన్లకీ కలుస్తాయి, కాకపోతే వాటి ఖరీదు ఇప్పటికీ మామూలు మనిషికి అందేది కాదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో టైప్ చేసేవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక, మాట వెనకబడి వస్తుంది. వైర్ ఉన్నది వాడి చూడండి. బయట నడిచేటప్పుడు చెవులు మూసే ఇయర్‌ఫోన్లు అసలు వద్దు, చెంప ఎముక మీద ఆనించే రకం తీసుకుంటే బండ్ల చప్పుడు కూడా వినపడుతుంది.

ఇప్పుడు అసలు విషయం, యాప్‌లు. కొత్త యాప్ తెరిచి స్వైప్ చేస్తుంటే నాకు తరచుగా వినపడేది ఇది: బటన్, పేరు లేదు. బటన్, పేరు లేదు. ఇమేజ్. బటన్, పేరు లేదు. ఒక్కోసారి పేరుకి బదులు తయారుచేసినవాళ్లు ఫైలుకి పెట్టుకున్న పేరే చదువుతుంది, "ఐసీ అండర్‌స్కోర్ బ్యాక్ అండర్‌స్కోర్ వైట్" అని. వెనక్కి వెళ్లే బటన్ అని దాన్ని బట్టి పోల్చుకోవాలి. దీనికి మందు చాలా చిన్నది. ఆండ్రాయిడ్‌లో కంటెంట్ డిస్క్రిప్షన్ అనీ, ఐఫోన్‌లో యాక్సెసిబిలిటీ లేబుల్ అనీ ఒక గడి ఉంటుంది, బటన్ రాసేటప్పుడే అందులో "వెనక్కి" అనో "పంపు" అనో ఒక మాట రాస్తే చాలు. ఒక్క లైను కోడ్. తెర మీద ఏమీ మారదు, యాప్ బరువు పెరగదు. గూగుల్ యాక్సెసిబిలిటీ స్కానర్ అనే ఉచిత యాప్ ఇస్తుంది, ఏ బటన్‌కి పేరు లేదో, ఏది మరీ చిన్నదిగా ఉందో గీత గీసి చూపిస్తుంది. ఆపిల్ అయితే ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్‌లోనే ఇలాంటి యాక్సెసిబిలిటీ ఇన్‌స్పెక్టర్ పెట్టింది. ఇన్ని ఉండి కూడా చేయకపోవడానికి కష్టం కారణం కాదు, పట్టించుకోకపోవడమే కారణం.

పేరు లేని బటన్‌కి మనమే పేరు పెట్టుకునే వీలు రెండిట్లోనూ ఉంది. వాయిస్‌ఓవర్‌లో రెండు వేళ్లతో రెండుసార్లు తట్టి అలాగే పట్టుకుంటే పేరు రాసుకునే పెట్టె వస్తుంది, టాక్‌బ్యాక్‌లో మెనూ నుంచి చేయొచ్చు. కానీ ఆ బటన్ ఏమిటో తెలియాలంటే మొదట ఎవరైనా చూసి చెప్పాలి, యాప్ అప్‌డేట్ అయ్యాక మనం పెట్టిన పేర్లు పోవచ్చు. నేను రోజూ డబ్బు పంపడానికి వాడే ఒక యాప్, పేరు అక్కర్లేదు, చక్కగా పనిచేస్తుండేది. ఒక అప్‌డేట్‌లో కొత్త డిజైన్ పెట్టారు, చివర "నిర్ధారించు" బటన్ మీదికి ఫోకస్ వెళ్లడం మానేసింది. అంకె కొట్టి, పేరు సరిచూసుకుని, అన్నీ అయ్యాక ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయి పక్కవాళ్లని పిలవాల్సి వచ్చింది. ఫిర్యాదు రాస్తే "స్క్రీన్‌షాట్ పంపండి" అని సమాధానం. తర్వాత సరిచేశారు, కానీ ఆ మధ్యలో నా డబ్బు ఎవరికి ఎంత పంపుతున్నానో ఇంకొకరికి తెలియాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చేది అక్కడే. ఇది సౌకర్యం గురించిన గొడవ కాదు, నా లెక్కలు నా దగ్గరే ఉంచుకునే హక్కు గురించి.

భద్రత పేరుతో పెట్టేవి ఇంకో రకం. పిన్ కొట్టే చోట అంకెలు ప్రతిసారీ తారుమారయ్యే కీప్యాడ్ పెడతారు, దాన్ని బొమ్మలా గీస్తారు, స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఏమీ కనపడదు. ఓటీపీ వచ్చేలోపు, ఆ మెసేజ్ తెరిచి విని, తిరిగి వచ్చి పెట్టెలో కొట్టేలోపు టైమ్ అయిపోతుంది. బొమ్మల్లో బస్సులు ఎంచమనే క్యాప్చాలు సరేసరి, ఆడియో క్యాప్చా ఉన్నా అందులో గోల మధ్య ఏం చెప్తున్నాడో మనుషులకే అర్థం కాదు. ఇంకొన్ని యాప్‌లు ఫోన్‌తో వచ్చినది కాక వేరే స్క్రీన్ రీడర్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవు. దొంగ యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుని తెర మీద ఉన్నది దొంగిలిస్తాయనే భయం ఒట్టిది కాదు, అలాంటి మోసాలు నిజంగా జరుగుతున్నాయి. అలాగని చూపు లేనివాళ్లని గుమ్మం బయట నిలబెట్టడం దానికి పరిష్కారం కాదు. వేలిముద్ర అన్‌లాక్ ఈ మొత్తంలో మాకు దొరికిన పెద్ద ఊరట, దాన్ని ఒప్పుకునే యాప్ అయితే పిన్ గొడవే ఉండదు.

కెమెరా యాప్‌ల గురించి అందరూ ఉత్సాహంగా అడుగుతారు. మైక్రోసాఫ్ట్ వారి సీయింగ్ ఏఐ 2017లో ఐఫోన్‌కి వచ్చింది, ఆండ్రాయిడ్‌కి 2023 చివర్లో వచ్చింది. ఆ పని ముందుండి నడిపిన సాఖిబ్ షేక్‌కి కూడా చూపు లేదు, అది వాడుతుంటే తెలుస్తుంది. చిన్న అక్షరాలైతే కెమెరా చూపించగానే చదివేస్తుంది, పూర్తి కాగితం అయితే ఏ అంచు తెగిపోతోందో చెప్పి, సరిగ్గా కుదిరాక తనే ఫోటో తీస్తుంది. బార్‌కోడ్ దగ్గరికి వెళ్లేకొద్దీ బీప్‌లు వేగం పెంచి దారి చూపిస్తుంది. చూపు లేని మనిషి కెమెరా ఎలా గురిపెడతాడో ఆలోచించి చేసిన పని అది. గూగుల్ లుకౌట్ 2019 నుంచి ఉంది, ఆండ్రాయిడ్‌కి మాత్రమే, చేసే పనులు దాదాపు ఇవే.

బీ మై ఐస్ దారి వేరు. చూపు తగ్గిపోతున్న హాన్స్ యోర్గెన్ వీబర్గ్ అనే డెన్మార్క్ మనిషి ఆలోచన అది, 2015 జనవరిలో మొదలైంది. వీడియో కాల్ చేస్తే మన భాష మాట్లాడే వాలంటీర్ ఒకరు ఎత్తి, కెమెరాలో ఏముందో చెప్తారు. అలా పేరు ఇచ్చుకున్న వాలంటీర్లు 70 లక్షలు దాటారు, అడిగేవాళ్లకంటే చెప్పేవాళ్లే చాలా ఎక్కువ, కాబట్టి కాల్ ఎత్తేవాళ్లకి కొరత ఉండదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఓపిగ్గా "కొంచెం ఎడమకి తిప్పండి, ఇంకొంచెం కిందికి" అని చెప్పడం విన్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. 2023లో జీపీటీ-4 అనే ఏఐతో బీ మై ఏఐ తెచ్చాక ఫోటో తీసి ప్రశ్నలు అడిగే వీలు వచ్చింది. టాక్‌బ్యాక్‌లోకి కూడా 2024 నుంచి గూగుల్ ఏఐ జెమినీ చేసే ఫోటో వర్ణనలు చేరాయి. కుటుంబం గ్రూప్‌లో వచ్చిన పెళ్లి ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ రంగు చీర కట్టుకున్నారు అని నా అంతట నేను తెలుసుకోగలగడం ఇదివరకు లేని సంగతి.

అయినా ఒక్క విషయంలో నేను గట్టిగా ఉంటాను. ఏఐ తెలియనిదాన్ని కూడా తెలిసినట్టే అదే గొంతుతో చెప్తుంది. మసకగా ఉన్న అంకెని ఊహించి పూర్తిచేస్తుంది. మందు డబ్బా మీద ఎన్ని మిల్లీగ్రాములో, గడువు తేదీ ఏంటో దాన్ని ఒక్కదాన్నే నమ్మి మింగొద్దు, మనిషిని అడగండి. రోడ్డు దాటడానికి అసలు వాడొద్దు, ఆ పని కర్రది, చెవులది. దారి చూపించే జీపీఎస్ యాప్‌లకి కూడా ఇదే వర్తిస్తుంది, వీధి దాకా తీసుకెళ్తాయి గానీ కొన్ని మీటర్ల తేడా మామూలే, తలుపు మనమే వెతుక్కోవాలి. మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ ఈ విషయంలో చాలా మంచిది, వెళ్లాల్సిన చోటు ఏ దిక్కున ఉందో ఆ దిక్కు నుంచే శబ్దం వచ్చేలా చేసింది. 2023లో దాన్ని ఆపేశారు. కోడ్ అందరికీ ఇచ్చేయడంతో వాయిస్‌విస్టా లాంటివి పుట్టి ఆ పని కొనసాగిస్తున్నాయి.

చూపు పూర్తిగా పోనివాళ్లకి స్క్రీన్ రీడరే కావాలని లేదు. అక్షరం సైజు, బోల్డ్, రంగులు తిరగేయడం, పెద్దది చేసి చూపించడం రెండిట్లోనూ ఉన్నాయి, ఐఫోన్‌లో జూమ్ ఆన్ చేసుకుంటే మూడు వేళ్లతో రెండుసార్లు తడితే తెర పెద్దదవుతుంది. ఇక్కడ కూడా యాప్‌లే అడ్డం పడతాయి. అక్షరం సైజు పెంచితే కొన్ని యాప్‌లలో మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి, బటన్ తెర బయటికి పోతుంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్లటి నేల మీద పెట్టడం డిజైనర్లకి ఎందుకంత ఇష్టమో నాకు అర్థం కాదు. మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకి తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. కళ్లు అలసిపోయాక సాయంత్రం పూట చదవడం మానేసి వినడం కూడా మంచి పద్ధతే, దానికి టాక్‌బ్యాక్ అక్కర్లేదు, ఎంచుకున్న ముక్కని మాత్రమే చదివి వినిపించే ఆండ్రాయిడ్ సెలెక్ట్ టు స్పీక్ సరిపోతుంది.

మరి ఏది కొనాలి అంటే, బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లు, నేర్చుకునేది ఒకసారే నేర్చుకుని అలాగే ఉండిపోవాలనుకునేవాళ్లు ఐఫోన్ తీసుకోండి. గొంతు, జెశ్చర్లు తమకి నచ్చినట్టు మార్చుకోవాలనుకునేవాళ్లు, చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు ఆండ్రాయిడ్ తీసుకోండి, కాకపోతే మరీ చవకది వద్దు. ఈమధ్యే చూపు పోయి, భయంతో ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లు ఇంట్లో ఉంటే, టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ సెట్టింగ్స్‌లో జెశ్చర్లు నేర్పి సాధన చేయించే పాఠాలు ఉంటాయి, ముందు అవి చేయించండి. మాట వేగం తగ్గించి మొదలుపెట్టండి. వాళ్ల చేతిలోంచి ఫోన్ లాక్కుని మీరు చేసిపెట్టొద్దు, నెమ్మదిగా అయినా వాళ్లనే చేయనివ్వండి.

కొనేముందు ఒక పరీక్ష చేయండి. మీరు రోజూ వాడే బ్యాంకు యాప్, ప్రయాణాల యాప్, మెసేజ్ యాప్ ఆ రకం ఫోన్ ఉన్న స్నేహితుల దగ్గర తెరిచి, స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, ఒక పని మొదటి నుంచి చివరిదాకా తెర చూడకుండా పూర్తవుతుందేమో చూడండి. ఒకే యాప్ ఐఫోన్‌లో చక్కగా చదివి ఆండ్రాయిడ్‌లో మూగబోవడం, లేదా అటుది ఇటు కావడం నేను చాలాసార్లు చూశాను. మీ యాప్‌లు ఎక్కడ బాగా చదివితే ఆ ఫోన్ తీసుకోండి, చదవని యాప్‌కి స్టోర్‌లో రివ్యూ రాయండి, ఏ పేజీలో ఏ బటన్‌కి పేరు లేదో స్పష్టంగా రాయండి. అలా రాశాక సరిచేసిన యాప్‌లు నా ఫోన్‌లోనే కొన్ని ఉన్నాయి.